సెల్ఫ్ తిరుగుతుంది, బండి లేవదు: ఒక ఈసీఎం డైరీ

జూన్ 14, శనివారం

బండి ఇవాళ ఇంటికొచ్చింది. ముందు ఆటో, మధ్యలో తాడు, వెనక స్టీరింగ్ దగ్గర మా బావమరిది. షెడ్డు వాళ్ళు వారం రోజులు ఉంచుకుని చివరికి అన్న మాట ఇదీ: "వేసిన కంప్యూటర్ కూడా పోయినట్టుంది సార్, ఇంకోటి తెచ్చి చూద్దాం." ఇంకోటి అంటే ఇంకో ఆరున్నర వేలు. ఆ మాట విన్నాకే తాడు తెప్పించాను.

ముందు కథ కొంచెం చెప్పాలి. ఇది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు. నాలుగు సిలిండర్లు, 1.2 లీటర్ ఇంజన్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది. నీళ్ళు సీటు ఎత్తు దాకా వచ్చాయి. వారం దాటాక గానీ బయటికి తీయలేకపోయాం. ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే, కాబట్టి పైసా రాలేదు. ఇంజన్ ఆయిల్ రెండుసార్లు మార్చి, పెట్రోల్ ట్యాంకు కడిగించి, సీట్లు డాబా మీద ఎండబెట్టి, కార్పెట్ తీయించి ఉతికించి మళ్ళీ వేయించాం. నవంబర్ నుంచి బుద్ధిగా తిరిగింది.

మే నెలలో కొత్త జబ్బు మొదలైంది. గతుకులో పడితే ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టై మళ్ళీ అందుకునేది. జూన్ 7న ఏలూరు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగిపోయింది. తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటు వెలగదు. వెనక ట్యాంకులోంచి రెండు సెకన్లు వినపడే పంపు చప్పుడు లేదు. సెల్ఫ్ మాత్రం కొడుతుంది. షెడ్డులో స్కానర్ పెడితే ఇంజన్ కంప్యూటర్ అసలు పలకలేదట. ఈసీఎం, అంటే ఆ ఇంజన్ కంప్యూటరే, పోయిందన్నారు. వరద బండి కదా, నేనూ నమ్మేశాను. ఆటోనగర్‌లో స్క్రాప్ బండిలోంచి తీసిన ఈసీఎం ఒకటి బిల్లుతో సహా తెచ్చి వేశారు. కంప్యూటర్ పలికింది, లైటు వెలిగింది, పంపు మోగింది. ఇంజన్ మాత్రం స్టార్ట్ కాలేదు.

నా పని ఇన్వర్టర్లు, యూపీఎస్‌ల బోర్డులు బాగుచేయడం. కారు వైరింగ్ నాకు కొత్త. వోల్టు మాత్రం పాత చుట్టమే. ఆ ధైర్యంతోనే ఈ పని నెత్తినేసుకున్నాను.

బండిలో ఎడమ వైపు, గ్లవ్ బాక్స్ కింద, కాళ్ళ పక్కనుండే ప్లాస్టిక్ ప్యానెల్ వెనక ఈసీఎం ఉంటుంది. ఆ ప్యానెల్, దాని మరలు ఒక పాలిథిన్ కవర్లో చుట్టి వెనక సీట్లో పడేసి ఇచ్చారు. ఈసీఎం బ్రాకెట్‌కి ఒకే ఒక్క బోల్టు బిగించి ఉంది. సరే, మనమే కదా చూసుకునేది.

సాయంత్రం కొలతలు. బ్యాటరీ 12.4 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.2. పరవాలేదు. బ్యాటరీ మైనస్ నుంచి ఈసీఎం ఎర్త్ వైరు దాకా, సెల్ఫ్ తిరుగుతుండగా 0.8 వోల్టులు తేడా చూపించింది. 0.1 దాటకూడదు. ఇంటేక్ మేనిఫోల్డ్ మీద ఎర్త్ బోల్టు విప్పితే కింద బురద ఎండి పెచ్చు కట్టి ఉంది. ఎమెరీ పేపర్‌తో గీకి బిగించాక 0.04కి దిగింది. దొరికేసిందనుకుని తాళం తిప్పాను. లేదు.

జూన్ 15, ఆదివారం

పొద్దున్నే ప్లగ్గులు విప్పాను. నాలుగూ పొడిగా ఉన్నాయి. నిన్నటి నుంచి ఇరవైసార్లైనా సెల్ఫ్ కొట్టుంటాం, పెట్రోల్ పడుతుంటే తడిసి ముద్దవ్వాలి. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కపులర్లో, అంటే వైరు గుచ్చే చోట, చిన్న ఎల్ఈడీకి రెసిస్టర్ కట్టి గుచ్చి, బావమరిదిని సెల్ఫ్ కొట్టమన్నాను. ఎల్ఈడీ ఒక్కసారి కూడా మెరవలేదు. స్పార్కూ లేదు.

పెట్రోల్, స్పార్క్ రెండూ ఒకేసారి లేవంటే మొదటి అనుమానం క్రాంక్ సెన్సర్ మీదికి పోతుంది. ఇంజన్ తిరుగుతోందన్న సంగతి ఈసీఎంకి చెప్పేది అదే. కానీ ఫోన్‌కి కలిసే చిన్న స్కానర్‌లో చూస్తే సెల్ఫ్ కొట్టేటప్పుడు 220 ఆర్‌పీఎం కనిపిస్తోంది. అంటే సెన్సర్ చెబుతోంది, ఈసీఎం వింటోంది. అన్నీ తెలిసి కావాలనే ఊరుకుంటోంది.

అప్పుడు చూశాను మీటర్‌లో ఆ చిన్న తాళం బొమ్మని. అది గబగబా మినుకుతోంది. షెడ్డులో ఎవరూ పట్టించుకోలేదేమో, నేనూ నిన్న పట్టించుకోలేదు. స్కానర్‌లో కోడ్ పీ0513. తాళం చెవి కోడ్ కుదరలేదని దాని అర్థం. ఇంకో తమాషా: యాప్‌లో బండి ఛాసిస్ నంబర్ చదివిస్తే మా ఆర్సీలో ఉన్నది కాదు, చివరి ఆరు అంకెలూ వేరే. ఈ ఈసీఎం ఇంకా తన పాత బండిలోనే ఉన్నాననుకుంటోంది.

సంగతి ఏమిటంటే, తాళం చెవి ప్లాస్టిక్ తలలో బియ్యపు గింజంత చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర శక్తినిస్తే, ఆ శక్తితోనే చిప్ తన నంబర్ చెబుతుంది. దొంగ తాళంతో బండి లేవకుండా ఆపే ఇమ్మొబిలైజర్ డబ్బా అది సరిచూసుకుని, ఈసీఎంతో రహస్యమాట ఒకటి మార్చుకుంటుంది. ఆ మాట కలిస్తేనే ఈసీఎం ఇంజెక్టర్లనీ, స్పార్క్ ఇచ్చే కాయిల్స్‌నీ వదులుతుంది. లేకపోతే సెల్ఫ్ ఎంత కొట్టినా అంతే. కొన్ని బండ్లలో ఒక సెకను స్టార్టయి ఆగిపోతుంది, మా దానిలో అదీ లేదు. పాత బండి మాట తెలిసిన ఈసీఎంని కొత్త ఇంట్లో కూర్చోబెడితే అది తలుపు తీయదు. తన పని అదే చేస్తోంది. దాన్ని పోయిందన్నారు.

మధ్యాహ్నం ఫోన్లు. కంపెనీ సర్వీస్ వాళ్ళని అడిగితే సెకండ్ హ్యాండ్ ఈసీఎంకి కోడింగ్ చేయం, కొత్తది కొంటేనే అన్నారు. కొత్తదాని రేటు వినగానే థాంక్స్ చెప్పి పెట్టేశాను. స్క్రాప్ బండిలోంచి ఇమ్మొబిలైజర్ డబ్బా, తాళం చెవి కూడా తెస్తే మూడూ ఒక సెట్టు కాబట్టి పనిచేస్తాయి. కానీ ఆ బండి అప్పటికే ముక్కలైపోయిందట. ఇమ్మొబిలైజర్‌ని మొత్తానికే తీసేయిస్తానని ఒకాయన నాలుగు వేలకి ఒప్పుకున్నాడు. అంతకంటే తాళం ఇంటి ముందు వేలాడదీయడం నయం.

మిగిలింది ఒకటే. పాత ఈసీఎం నా దగ్గరే ఉంది. దాని జ్ఞాపకాన్ని తీసి దీనిలో పెట్టాలి.

జూన్ 18, బుధవారం రాత్రి

పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి మొదలెట్టాను. "ఏమండీ, ఆ వాసన ఏంటి?" అని లోపల్నుంచి రెండుసార్లు వినపడింది. టంకం పట్టడానికి పూసే ఫ్లక్స్ వాసన.

ముందు స్టిక్కర్లు. రెండు ఈసీఎంల పార్ట్ నంబర్ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. ఇక్కడ చాలామంది ముందు అంకెలు కలిస్తే చాలనుకుంటారు. చివర్లో వచ్చే అక్షరాలు సాఫ్ట్‌వేర్ వెర్షన్ చెబుతాయి. అవి తేడా అయితే చిన్న చిప్ ఒక్కటి మారిస్తే సరిపోదు, పెద్ద ఫ్లాష్ మెమరీ కూడా కాపీ చేయాలి. నా అదృష్టం, చివరిదాకా కలిశాయి.

కింద అల్యూమినియం మూత నల్లటి సీలెంట్‌తో అతికించి ఉంటుంది. హాట్ ఎయిర్‌తో అంచులు వేడిచేస్తూ పల్చటి బ్లేడు దూర్చి చుట్టూ తిప్పితే, పావుగంటకి పెనం నుంచి దోసె లేచినట్టు లేచింది. పాత ఈసీఎం లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటుందని సిద్ధపడే ఉన్నాను. కనెక్టర్ పిన్నుల దగ్గర ఒక మూల టీ మరకలాంటిది తప్ప బోర్డు శుభ్రంగా ఉంది. పైన పూసిన వార్నిష్ పొర దాన్ని కాపాడింది. ఇంత శుభ్రమైన బోర్డు ఎందుకు చచ్చిపోయిందబ్బా అని ఒక్క నిమిషం అనిపించింది. ఆ నిమిషం దగ్గర ఆగాల్సింది. ఆగలేదు, చేతిలో వేడి గన్ను ఉంది కదా.

ప్రాసెసర్ పక్కన ఎనిమిది కాళ్ళ బుల్లి చిప్, మీద 95160 అని ఉంది. పదహారు కిలోబిట్లు, అంటే 2,048 బైట్లు. కరెంట్ పోయినా మర్చిపోకూడని సంగతులన్నీ ఇలాంటి చిప్‌లో రాసుకుంటుంది ఈసీఎం. ఇమ్మొబిలైజర్ మాట, ఛాసిస్ నంబర్, నేర్చుకున్న లెక్కలు.

మొదట చిప్‌ని బోర్డు మీదే ఉంచి క్లిప్పు తగిలించి, లాప్‌టాప్‌కి పెట్టి చిప్‌లు చదివే, రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో చదివాను. మూడుసార్లు చదివితే మూడు రకాలుగా వచ్చింది. క్లిప్పు ఇచ్చే కరెంట్ చిప్‌కి మాత్రమే కాకుండా బోర్డంతా పాకిపోతుంది, ప్రాసెసర్ సగం మేలుకుని మధ్యలో మాట్లాడుతుంది. ఇలాంటి రీడింగ్‌ని నమ్మి రాసేస్తే రెండో ఈసీఎం కూడా గోవిందా.

కాబట్టి ఊడదీయాల్సిందే. చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్లకి వేడికి తట్టుకునే కాప్టన్ టేపు అంటించి, వార్నిష్ గీకి, ఫ్లక్స్ వేసి, 350 డిగ్రీల దగ్గర గాలి. ఇరవై సెకన్లలో టంకం మెరిసింది, చిమటాతో ఎత్తేశాను. విడిగా సాకెట్‌లో పెట్టి మూడుసార్లు చదివాను. మూడు ఫైళ్ళూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఫైల్లో మధ్యలో మా ఛాసిస్ నంబర్ కనిపించింది. అర్ధరాత్రి పన్నెండున్నరకి స్క్రీన్ మీద ఆ చివరి ఆరు అంకెలు చూస్తే, తప్పిపోయిన పిల్లాడి స్కూల్ ఐడీ కార్డు దొరికినట్టనిపించింది.

స్క్రాప్ ఈసీఎం చిప్ కూడా అలాగే తీసి, ముందు దానిలో ఉన్నది ఫైలుగా దాచుకున్నాను. ఇది మర్చిపోకూడదు, ఏదైనా తేడా వస్తే వెనక్కి పోవడానికి దారి ఉండాలి. తర్వాత మా ఫైలు దానిలోకి రాసి, సరిచూసి, దాని బోర్డు మీదే తిరిగి టంకం వేశాను. పాత చిప్ కూడా పాత బోర్డుకే అతికించి పెట్టేశాను. రెండు గంటలైంది.

జూన్ 21, శనివారం

ఇవాళ్టి నా ధీమా గురించి రాయడానికే సిగ్గుగా ఉంది.

బావమరిదితో, "ఇంక చూసేదేముందిరా, అన్నీ బిగించేసే స్టార్ట్ చేద్దాం" అన్నాను. ఈసీఎం పెట్టి, బ్రాకెట్ బోల్టులు మూడూ బిగించి, కవర్లోంచి ప్యానెల్ తీసి నీటుగా తుడిచి మరలన్నీ వేశాను. నాన్న కొబ్బరికాయ పట్టుకుని సెల్లార్‌లోకి దిగారు. తాళం తిప్పాను.

చెక్ ఇంజన్ లైటు వెలగలేదు. పంపు చప్పుడు లేదు. స్కానర్ కనెక్ట్ కాదు. సెల్ఫ్ ఒక్కటే తిరుగుతోంది. అచ్చం జూన్ 7 నాటి పరిస్థితి. మొన్నటిదాకా కనీసం మాట్లాడేది, ఇప్పుడు నోరే పడిపోయింది.

"బావా, చిప్ కాలిపోయిందంటావా?" అన్నాడు వాడు. నేనూ అదే అనుకుంటున్నాను గానీ పైకి అనలేదు. నాన్న కొబ్బరికాయ తీసుకుని పైకెళ్ళిపోయారు.

ఈసీఎం బయటికి తీయాలంటే ఇప్పుడే బిగించిన ప్యానెల్ మళ్ళీ విప్పాలి. బద్ధకమేసింది. ముందు బానెట్ వైపు నుంచి చూడగలిగినవి చూద్దామనుకున్నాను. ఆ బద్ధకమే నన్ను కాపాడిందని రేపటికి గానీ తెలియదు.

స్కానర్ పోర్టులో 16వ పిన్ను దగ్గర బ్యాటరీ వోల్టేజీ ఉంది. బ్యాటరీ తీగ విప్పి 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్స్. బండిలో కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ లైను రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి, అవి రెండూ కలిసి 60 చూపించాలి, చూపించింది. అంటే మాట్లాడే వైర్లు బానే ఉన్నాయి, మాట్లాడేవాడే లేడు.

ఫ్యూజుల దగ్గర మీటర్‌ని నమ్మకుండా ఇండికేటర్ బల్బు కట్టిన టెస్ట్ ల్యాంప్ పెట్టాను. కుళ్ళిన వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపించేస్తుంది. 21 వాట్ల బల్బు అలా మోసపోదు. అన్ని చోట్లా ధగధగా వెలిగింది. ఈసీఎంకి కరెంట్ కలిపే స్విచ్, మెయిన్ రిలే, మాత్రం టక్ అనట్లేదు. హారన్ రిలే పీకి దాని చోట పెట్టి చూశాను, అదీ అనలేదు. ఆ రిలేని లాగి పట్టుకోవాల్సింది ఈసీఎమ్మే, రిలేది తప్పు కాదు. పాతదే మళ్ళీ గుచ్చాను.

తర్వాత ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ కపులర్ వెనక నుంచి గుండుసూది దూర్చి, సెన్సర్‌కి వెళ్ళే 5 వోల్టుల వైరు మీద మీటర్ పెట్టాను. 0.3 వోల్టులు.

ఇక్కడ ఆగి ఆలోచించాను. ఈసీఎం పూర్తిగా చచ్చిపోయుంటే సున్నా రావాలి. 0.3 అంటే అది నెట్టడానికి ప్రయత్నిస్తోంది, ఎక్కడో ఎర్త్‌లోకి కారిపోతోంది. ఇన్వర్టర్ బోర్డుల్లో నేను రోజూ చూసే జబ్బే ఇది. చాలా బండ్లలో సెన్సర్లన్నిటికీ ఈసీఎం ఒకే 5 వోల్టుల లైను పంచుతుంది. ఆ లైను ఎర్త్ అయితే కొన్ని ఈసీఎంలు ఒక కోడ్ వేసి ఊరుకుంటాయి. కొన్నింట్లో ప్రాసెసర్ కూడా పైకి లేవదు. అప్పుడు చూసేవాళ్ళకి కంప్యూటర్ చచ్చిపోయినట్టే ఉంటుంది.

తాళం తీసేసి అదే వైరుకీ బాడీకీ మధ్య ఓమ్స్ కొలిచాను. 1.8. పచ్చి షార్ట్.

సరే, ఏ సెన్సర్ ఎర్త్ అయిందో చూద్దాం. మీటర్ అలాగే వదిలి ఒక్కో కపులర్ పీకాను. థ్రాటిల్, 1.8. మ్యాప్ సెన్సర్, 1.8. క్యామ్ సెన్సర్, 1.8. ముందు వైపు ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్ మీద ఆశ పెట్టుకున్నాను, వరదలో మునిగింది కదా. అదీ కాదు. ఆఖరికి యాక్సిలరేటర్ పెడల్ దగ్గరిది కూడా పీకితే అదే 1.8. బయట ఏదీ లేకపోయినా షార్ట్ ఉందంటే తప్పు వైరింగ్‌లోనో, ఈసీఎంలోనో. దోమలు పీకుతున్నాయి. పైకి వెళ్ళిపోయాం.

జూన్ 22, ఆదివారం

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను, ఎందుకంటే నేనే రెండుసార్లు తప్పుదారి పట్టాను.

పొద్దున ఏడింటికి ప్యానెల్ విప్పి, ఈసీఎం కపులర్లు ఊడదీసి, వైరు వైపు కొలిచాను. షార్ట్ లేదు. మీటర్ ఖాళీ చూపిస్తోంది. ఈసీఎం తీయగానే షార్ట్ పోయిందంటే షార్ట్ ఈసీఎం లోపలే, అంటే నేనే కాల్చాను. కడుపులో ఏదో జారినట్టైంది. ఈసీఎం పిన్నుల వైపు తిప్పి కొలిచాను. 4.2 కిలో ఓమ్స్. అక్కడా షార్ట్ లేదు!

రెండు వైపులా లేని షార్ట్ కలిపితే ఎలా వస్తుంది? మళ్ళీ కపులర్లు గుచ్చి కొలిచాను. రాలేదు. తాళం తిప్పాను. లైటు వెలిగింది, పంపు రయ్యిమంది, తాళం బొమ్మ ఒకసారి వెలిగి బుద్ధిగా ఆరిపోయింది. సెల్ఫ్ కొట్టాను. రెండో చుట్టుకే అందుకుంది. రెండు వారాల తర్వాత మొదటిసారి సైలెన్సర్‌లోంచి పొగ, సెల్లార్ మొత్తం.

బావమరిది గంతులేస్తున్నాడు. నాకు మాత్రం మనసొప్పలేదు. ఎందుకు ఆగిందో తెలియకుండా స్టార్టయిన బండి మళ్ళీ ఏలూరు రోడ్డు మీదే ఆగుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి గంటసేపు వైరింగ్ అంతా కదిపాను, లాగాను, ఇంజన్‌కీ సీట్లకీ మధ్యనుండే ఫైర్‌వాల్ దగ్గర రబ్బరు గొట్టం నలిపాను. చలించలేదు.

ఆటోనగర్‌లో నలభై ఏళ్ళుగా లారీల వైరింగ్ చేస్తున్న బాబాయ్ ఒకాయన ఉన్నారు, మా నాన్న స్నేహితుడు. ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని అడిగింది ఒక్కటే.

"షెడ్డు నుంచి తెచ్చినప్పుడు మాట్లాడిందన్నావు. నిన్న మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడుతోంది. నిన్న ఒక్కరోజు బండికి ఉన్నదేంటి అబ్బాయ్, ముందూ వెనకా లేనిది?"

"చిప్..." అన్నాను.

"చిప్ ఇవాళ కూడా ఉందిగా. నిన్న ఏమేం బిగించావో అవన్నీ ఒక్కోటి మళ్ళీ బిగించు. ఇంజన్ ఆపకు."

ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన ఉంచాను. బ్రాకెట్ బోల్టులు మూడూ బిగించాను. ఇంజన్ తిరుగుతోంది. ప్యానెల్ పెట్టాను. తిరుగుతోంది. పైన మొదటి మర. రెండోది. కింద మూల మూడో మర, చివరి రెండు చుట్లలో స్క్రూడ్రైవర్ కొంచెం బిగుసుకుంది, మెత్తటిదాన్నేదో కొరికినట్టు. ఇంజన్ టక్కున ఆగిపోయింది.

ఫోన్‌లోంచి బాబాయ్, "ఆగిందా?" అన్నారు. ఆ చప్పుడు ఆయనకి వినపడింది.

రెండు చుట్లు వెనక్కి తిప్పాను. స్టార్టయింది. బిగించాను. ఆగింది. ఇంకోసారి చేశాం, నమ్మకం కోసం. మూడోసారి బావమరిది తను చేస్తానన్నాడు.

మర బయటికి తీసి మిగతా వాటి పక్కన పెట్టాను. అవి అరంగుళం. ఇది అంగుళం. మొన మీద ఎర్రటి రాగి మెరుపు. వరద తర్వాత కార్పెట్ వేసిన కుర్రాడికి అసలు మర దొరక్క చేతికందింది వేసేశాడు. అది ప్యానెల్ దాటి, రేకు దాటి, వెనక పోతున్న వైర్ల కట్టలోకి దిగింది. మొదట్లో తొడుగుని తాకుతూ ఉండి, ఏడు నెలల గతుకుల్లో రాసుకుంటూ రాసుకుంటూ మేలో రాగిని అందుకుంది. టేపు విప్పితే పసుపు మీద నల్ల గీత ఉన్న 5 వోల్టుల వైరు, దాని పొట్టలో చక్కటి రంధ్రం. చుట్టుపక్కల చిలుము లేదు, బురద లేదు. రెండు వారాలు వరదని అనుమానించాను. వరద తర్వాత వచ్చిన మర నాకు తట్టనే లేదు.

షెడ్డు వాళ్ళని ఇప్పుడు తిట్టబుద్ధి కావట్లేదు. ఈసీఎం మార్చడానికి ప్యానెల్ విప్పారు, విప్పగానే షార్ట్ పోయింది, కొత్త ఈసీఎం పలికింది. పాతది పలకలేదు, కొత్తది పలికింది. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

వైరు కోసి, టంకం వేసి, హీట్ స్లీవ్ తొడిగి, పైన గుడ్డ టేపు చుట్టి, కట్టని రేకుకి దూరంగా టై వేసి లాగిపెట్టాను. మూలకి అరంగుళం మర. కొబ్బరికాయ సాయంత్రం కొట్టాం.

జూన్ 28, శనివారం

వారమంతా ఒకే ప్రశ్న తొలుస్తోంది. ఇవాళ తేల్చేశాను. స్క్రాప్ ఈసీఎం తీసి, మా పాత ఈసీఎం, "పోయింది" అన్నది, మూతకి కొత్త సీలెంట్ వేసి పెట్టాను. తాళం తిప్పాను. మొదటి దెబ్బకే స్టార్ట్.

నాన్న పక్కనే నిలబడి చూస్తున్నారు. "అయితే ఆ రోజు కంప్యూటర్ పోలేదా?"

"పోలేదు నాన్నా."

"మరి ఆరున్నర వేలు?"

"అవి పోయాయి."

ఆయన ఇంకేం అనలేదు. పేపర్ మడిచి చంకలో పెట్టుకుని లిఫ్టు వైపు వెళ్ళారు.

పాతదే బండిలో ఉంచేశాను. స్క్రాప్ ఈసీఎంకి "కాపీ చేసినది, పనిచేస్తుంది" అని స్టిక్కర్ అంటించి బీరువాలో పెట్టాను. 5 వోల్టుల లైను కొలవడానికి పట్టేది ఐదు నిమిషాలు. జూన్ 7న ఆ మీటర్ పెట్టి ఉంటే చిప్పులు ఊడదీసే పనే ఉండేది కాదు. అయితే 95160 చదవడం నేర్చుకునేవాణ్ణీ కాదు, అది వేరే సంగతి.

జూలై 5, శనివారం

మిగిలిన చిల్లర పనులు. బ్యాటరీ అన్నిసార్లు తీసి పెట్టడంతో ఐడిల్, అంటే పెడల్ తొక్కనప్పటి ఇంజన్ వేగం, 1,400 ఆర్‌పీఎం దగ్గర నిలబడింది. థ్రాటిల్ మూసుకునే చోటుని ఈసీఎం మళ్ళీ నేర్చుకోవాలి. పెడల్ ముట్టుకోకుండా తాళం ఆన్ చేసి కాసేపు ఉంచి, ఆపి, తర్వాత ఏసీ లేకుండా ఇరవై నిమిషాలు అలా వదిలేస్తే 750కి దిగింది. కోడ్లన్నీ తుడిచేశాను, మళ్ళీ ఏదీ రాలేదు. బెంజ్ సర్కిల్ దాకా, అక్కడి నుంచి గతుకులు ఏరుకుంటూ సింగ్ నగర్ దాకా నడిపాను. ఎక్కడా ఊపిరి పట్టలేదు.

రామవరప్పాడు రింగు దగ్గర ఆటో ఒకటి అడ్డం వస్తే హారన్ నొక్కాను. మోగలేదు. ఇంటికొచ్చి ఫ్యూజు చూశాను, బానే ఉంది. వైరు చూశాను, బానే ఉంది. అప్పుడు రిలే గూడు వైపు చూస్తే ఖాళీగా ఉంది. జూన్ 21న పీకిన హారన్ రిలే కోసం ఇల్లంతా వెతికి బావమరిదికి ఫోన్ చేశాను. వాడి ఆ రోజు ప్యాంటు ఉతికి, ఇస్త్రీకి కూడా వెళ్ళొచ్చిందట. రిలే జేబులోనే ఉంది.